ఏ పచ్చ? - ఒక బొమ్మ ఇంజనుకి రంగు వేసిన కథ

“ఏందబ్బయ్యా ఈ రంగు? మా బండి ఇట్టా ఉండేది కాదే!”

రెండు నెలలపాటు శనాదివారాలన్నీ ధారపోసి చేసిన ఇంజను బొమ్మని వంటింటి లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి మా నాన్న ఇచ్చిన తీర్పు ఇది.

ఆ బొమ్మ డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజనుది. మీలో కొందరు చిన్నప్పుడు స్టేషన్లోనో, పాత సినిమాల్లోనో చూసే ఉంటారు. ముందు భాగం తుపాకి గుండులా ఉబ్బి ఉంటుంది. చాలావాటికి ఆ ఉబ్బు మీద వెండి నక్షత్రం కూడా ఉండేది. 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి. తరవాత కెనడా, పోలండు, ఆస్ట్రియాల్లోనూ, చివరికి మన చిత్తరంజన్‌లోనూ తయారయ్యాయి. 1967 నాటికి మొత్తం 755 అయ్యాయి. మెయిళ్ళూ, ఎక్స్‌ప్రెస్‌లూ లాగడం వీటి పని.

మా నాన్న 1972లో నెల్లూరు జిల్లా బిట్రగుంట షెడ్డులో క్లీనరుగా చేరాడు. సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయి, తరవాత డీజిలు బండ్లూ, కరెంటు బండ్లూ నడిపి రిటైరయ్యాడు. 2024లో మూడు నెలలు మాతో ఉండటానికి సిడ్నీ వచ్చాడు. ఆయన వచ్చేలోగా ఆయన బొగ్గు వేసిన బండిని చేసి చేతిలో పెడదామని నా ఆశ. పెట్టాను. పై తీర్పు వచ్చింది.

నాకు రోషం వచ్చిన మాట నిజం. రంగుని నేను ఊహించి వెయ్యలేదు మరి. పాత కలర్ ఫోటో ఒకటి సంపాదించి, స్కాన్ చేసి, టెండరు పక్క భాగం మీద మౌసు పెట్టి నొక్కితే 47, 93, 58 అని మూడు అంకెలు వచ్చాయి. ఆ అంకెలకి సరిపోయేలా రంగు కలిపాను. మనవాళ్ళకి మామూలుగా ఉండే జబ్బే ఇది. అంకె దొరికితే ఇక సమస్య తీరిపోయినట్టే. నాన్నకి ఇదంతా వివరించాను. “అంకెలు సరే, నా చేత్తో తుడిచిన బండి నాకు తెలీదా?” అన్నాడు.

ఇద్దరిలో ఎవరు రైటు? అది తేల్చడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం. రైలు బొమ్మల మీద మీకు ఆసక్తి లేకపోయినా ఫరవాలేదు. ఇది చివరికి డేటా గురించిన కథే.

మొదటి ప్రశ్న: ఏ ఏడు?

మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్ సిడ్నీకి నైరుతి దిక్కున కొత్తగా వెలసిన పేట. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో టోబ్రుక్ దగ్గర ప్రాణాలిచ్చి విక్టోరియా క్రాస్ పొందిన జాన్ ఎడ్మండ్‌సన్ పేరు దీనికి పెట్టారు. రైల్వే స్టేషను 2015లో తెరిచారు. ఇక్కడినుంచి కారులో గంట లోపే థర్ల్‌మియర్ అనే చిన్న ఊరు, అక్కడ న్యూ సౌత్ వేల్స్ రైలు మ్యూజియం ఉన్నాయి. నాకీ పిచ్చి అంటుకుంది అక్కడే.

ఈ రాష్ట్రంలో అందరికీ తెలిసిన ఆవిరి ఇంజను 3801. సిడ్నీలోని క్లైడ్ ఇంజనీరింగ్ కంపెనీ తయారు చేస్తే 1943లో పనిలోకి దిగింది. 1970లో ఖండాన్ని అడ్డంగా దాటి పెర్త్ దాకా వెళ్ళి వచ్చింది. చాలా ఏళ్ళ మరమ్మతుల తరవాత 2021లో మళ్ళీ పట్టాలెక్కింది. “3801 రంగేమిటి?” అంటే ఇక్కడ చిన్నపిల్లలు కూడా ఆకుపచ్చ అంటారు. కానీ అది పుట్టింది యుద్ధకాలంలో, బూడిద రంగులో. ఆకుపచ్చ తరవాత వచ్చింది. అదే 38 తరగతికి చెందిన 3820 థర్ల్‌మియర్‌లో ఉంది. అది నలుపు. ముప్పై ఇంజన్లున్న ఒకే తరగతిలో బూడిద, పచ్చ, నలుపు మూడూ ఉన్నాయి, మూడూ నిజమే.

కాబట్టి “ఈ ఇంజను రంగేమిటి?” అన్న ప్రశ్నే అసంపూర్ణం. ఏ నంబరు ఇంజను, ఏ ఏడు, ఏ షెడ్డు అనేవి కూడా చెప్పాలి. వెర్షన్ నంబరు చెప్పకుండా “మీ సాఫ్ట్‌వేరులో బగ్గుంది” అంటే మనం ఏమంటాం? ఇదీ అంతే. డబ్ల్యూపీల సంగతయితే మరీను. అవి దేశమంతా తిరిగాయి, రంగులు ఒక్కో రైల్వేలో ఒక్కో రకం. నేను స్కాన్ చేసిన ఫోటోలో ఉన్నది నాన్న పనిచేసిన ఇంజనే అని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అది నా మొదటి తప్పు.

రెండో ప్రశ్న: పచ్చ అంటే?

“సరే నాన్నా, నీ బండి ఏ రంగు?” అన్నాను.

“పచ్చ.”

“ఇదీ పచ్చే కదా?”

“ఇది ఆ పచ్చ కాదు.”

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే మన భాషలో ఇది చిన్న సమస్యేమీ కాదు. పచ్చగడ్డిలో పచ్చ వేరు, పచ్చకామెర్లలో పచ్చ వేరు. ఒకే మాటతో రెండు రంగుల్ని పిలుస్తాం. అవసరమొస్తే ముందు ‘ఆకు’ అనో ‘పసుపు’ అనో తగిలిస్తాం.

ఈ చిక్కు మనకే అనుకోకండి. ఇంగ్లండులో లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో విలియమ్ స్ట్రౌడ్లీ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన ఇంజన్లకి వేయించిన రంగు పేరు “మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ”. చూస్తే అది ఆవపొడి రంగు! 1882లో ఆయన కట్టిన ‘గ్లాడ్‌స్టన్’ ఇంజను యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఆ రంగులోనే ఉంది. ఆయనకి రంగులు సరిగ్గా తెలిసేవి కావనే కథ ఒకటి ప్రచారంలో ఉంది గానీ, ఆ కథ నమ్మక్కర్లేదు. రంగు పేరు వేరు, రంగు వేరు అన్నది మాత్రం నమ్మాలి. రికార్డుల్లో “గ్రీన్” అని కనిపించగానే డబ్బా తెరవకూడదు.

ఎన్‌కోడింగు లేని అంకెలు

పేర్లని నమ్మలేకపోతే అంకెల్ని నమ్మాలి కదా? నా 47, 93, 58 సంగతేమిటి?

యూనికోడు రాకముందు తెలుగు వెబ్‌సైట్లు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలు. బైట్లలో తప్పేమీ లేదు. ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక మాత్రం మీ దగ్గర లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు కూడా అలాంటి బైట్లే. ఏ పట్టిక ప్రకారం చదవాలో చెప్పకపోతే వాటికి అర్థం లేదు. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్-ఆర్‌జీబీ అనే పట్టికని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. నా స్కానరు ఏ పట్టిక వాడిందో నేను చూడనే లేదు.

పట్టిక సరిగ్గా ఉన్నా ఇంకో చిక్కుంది. ఒక వస్తువు మీద పడిన వెలుతురులో ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత భాగం తిరిగి వస్తుందో గీస్తే ఒక వంపు గీత వస్తుంది. రంగుకి అసలు డేటా అదే, అందులో వందల విలువలుంటాయి. మన కంట్లో మూడు రకాల శంకు కణాలు ఆ గీతని మూడు అంకెలుగా కుదిస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఇది హ్యాష్ ఫంక్షను లాంటిది. వందల విలువలు లోపలికి వెళ్తే బయటికి వచ్చేవి మూడే. అంటే రెండు వేర్వేరు గీతలకి అవే మూడు అంకెలు రావచ్చు. దీన్నే మెటామెరిజం అంటారు. ఇలా కలిసిపోయిన రెండు రంగులు ఒక దీపం కింద కవలల్లా ఉంటాయి, ఇంకో దీపం కిందకి తీసుకెళ్తే విడిపోతాయి. చీరకి సరిపోయిందని దుకాణంలో కొన్న జాకెట్టు గుడ్డ ఎండలో వేరుగా కనపడిందని మీ ఇంట్లో ఎప్పుడైనా గొడవ జరిగి ఉంటే, మెటామెరిజం మీకు కొత్త కాదు.

1970ల నాటి నూనె రంగుకీ, నేను కలిపిన ఆక్రిలిక్ రంగుకీ పదార్థాలు వేరు. కాబట్టి వంపు గీతలు వేరు. అవి అన్ని దీపాల కిందా ఒకేలా కనపడటం దాదాపు అసాధ్యం. అందుకే రంగు సరిపోయిందనే ముందు ఏ వెలుతురులో సరిపోయిందో చెప్పాలి. మా వంటింట్లో ఉన్నది కాస్త పసుపు ఛాయ ఉన్న ఎల్.ఇ.డి. దీపం. నాన్న తీర్పు ఇచ్చింది దాని కింద. నేను రంగు కలిపింది గరాజిలో తెల్ల దీపం కింద.

ఫోటో చెప్పిన అబద్ధాలు

పాత ఇంజన్ల ఫోటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. వాటిలో పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు. నీలం మాత్రం ఎక్కువగా కనపడుతుంది. అందువల్ల ముదురు ఎరుపు ఇంజను ఆ ఫోటోలో బొగ్గులా ఉంటుంది, నీలం ఇంజను వెలిసిపోయినట్టుంటుంది. తరవాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ముకి అన్ని రంగులూ తెలుస్తాయి గానీ, అదీ వాటిని బూడిద ఛాయలుగా మార్చేస్తుంది. ఇంకో తమాషా ఉంది. ఫోటోలో వివరాలు బాగా రావాలని ఇంజను కంపెనీలు కొత్త ఇంజనుకి ముందు బూడిద రంగు పూసి ఫోటో తీయించేవి. ఆ ఫోటో చూసి ఇంజను బూడిద రంగులో తిరిగిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

కలర్ ఫోటోలది ఇంకో కథ. కాగితం మీది మూడు అద్దకాలూ ఒకే వేగంతో వెలిసిపోవు. ఒకటి ముందు పోతే మొత్తం ఫోటో ఇంకో రంగు వైపు ఒరుగుతుంది. నా ఫోటోని ఈసారి జాగ్రత్తగా చూశాను. అందులో ప్లాట్‌ఫారం మీద ఒకాయన తెల్ల పంచె కట్టుకుని ఉన్నాడు. మౌసు పెట్టి చూస్తే ఆ పంచె లేత గోధుమ రంగు. పంచె ఎంత మాసినా అంత మాయదు. అంటే ఫోటో మొత్తం పసుపు వైపు ఒరిగింది. పంచెని తెలుపుగా ఎంచి సరిచేస్తే, ఇంజను నేననుకున్న దానికంటే ముదురుగా, కాస్త నీలం వైపుగా తేలింది. రెండో తప్పు దొరికింది.

నూనె గుడ్డ

అప్పుడు కొత్తగా అట్టముక్కల మీద రంగులు వేశాను. నిలువు వరసలు నాలుగు, పసుపు వైపు పచ్చ నుంచి నీలం వైపు పచ్చ దాకా. అడ్డ వరసలు మూడు, లేత నుంచి ముదురు దాకా. మొత్తం పన్నెండు. వెనక అంకెలు వేసి నాన్న ముందు పరిచాను.

పన్నెండూ చూసి, “ఒక్కటీ కాదు. అన్నీ పొడిపొడిగా ఉండాయి” అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, ఒక కాగితపు తువ్వాలుకి పొద్దుతిరుగుడు నూనె రెండు చుక్కలు అంటించుకొచ్చి, ఏడో అట్టముక్కని తుడిచాడు. అలవాటుపడిన చేతులు! గుండ్రంగా రుద్దలేదు, ఒకే వైపుకి, పొడుగ్గా తుడిచాడు.

“ఇప్పుడు చూడు. ఇదీ!”

పొడిగా, గరుగ్గా ఉన్న పైపొర మీద పడిన తెల్ల వెలుతురు అన్ని దిక్కులకీ చెదిరి, రంగుతో కలిసి దాన్ని వెలిసినట్టు చూపిస్తుంది. నూనె ఆ గరుకుని నింపి నున్నగా చేస్తుంది. చెదిరే తెలుపు తగ్గుతుంది, లోపలి రంగు ముదురుగా, నిండుగా బయటపడుతుంది. తడిసిన నాపరాయి నల్లబడేది కూడా ఇందుకే. క్లీనరుగా ఆయన ఉద్యోగమే అది. బండి షెడ్డుకి రాగానే కిరసనాయిలు కలిపిన నూనె గుడ్డతో మసి తుడిచెయ్యడం. అంటే ఆయన జ్ఞాపకంలో ఉన్నది ‘రంగు’ ఒక్కటే కాదు, రంగు మీద నూనె పొర కూడా.

ఫోటోలో ఉన్నదో? తుడవని బండి. బొగ్గుపొడి, మసి, దుమ్ము. అది కూడా నిజమైన రంగే, ఇంకో రోజుది.

అసలు ఆ కాలం రంగులే స్థిరమైనవి కావు. రైళ్ళకి వాడిన పాత ఆకుపచ్చల్లో చాలావాటిని క్రోమ్ పసుపు, ప్రష్యన్ నీలం కలిపి చేసేవారు. క్రోమ్ పసుపంటే సీసపు ఉప్పు. గంధకం ఉన్న పొగ తగిలితే అది నల్లబడుతుంది. ఇక ఆవిరి ఇంజను తాగేదీ వదిలేదీ బొగ్గు పొగే. పైన పూసే వార్నీషేమో ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. అంటే ఒకే ఇంజను పెయింటు షాపు నుంచి బయటికి వచ్చిన రోజున ఒక రంగు, రెండేళ్ళ తరవాత ఇంకో రంగు.

కన్ను కూడా పరికరమే

ఇక్కడిదాకా వచ్చాక నాకో అనుమానం కలిగింది. నాన్నకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకంటికి ఇంకా కాలేదు. శుక్లం ముదిరేకొద్దీ కంట్లోని కటకం పసుపు, గోధుమ రంగుల్లోకి తిరిగి నీలాన్ని అడ్డుకుంటుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత కామెర్ల విషయంలో ఎలా ఉన్నా, శుక్లాల విషయంలో అక్షరాలా నిజం. ఫ్రెంచి చిత్రకారుడు మోనె 1923లో ఆపరేషన్ చేయించుకునేదాకా రంగుల కోసం ఇలాగే అవస్థ పడ్డాడు.

“నాన్నా, ఒక్కో కన్ను మూసి గోడ చూడు” అన్నాను. కుడికంటితో తెల్లగానే ఉందన్నాడు. ఎడమకంటితో “టీ నీళ్ళు చల్లినట్టుంది” అన్నాడు. ఆయనే ఆశ్చర్యపోయాడు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఈ తేడా తెలియనే తెలియదు.

డ్రైవరు ఉద్యోగం కోసం రైల్వే ఆయన కళ్ళని ఎన్నోసార్లు పరీక్షించింది. రైల్వేలకీ రంగుల పరీక్షకీ పాత చుట్టరికం ఉంది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు గుద్దుకుని తొమ్మిదిమంది చనిపోయారు. రైల్వే ఉద్యోగికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోవడమే కారణం కావచ్చని హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త అనుమానించాడు. ఆ ప్రమాదానికి కారణం నిజంగా అదేనా అని తరవాతి పరిశోధకులు సందేహించారు గానీ, ఆయన పెట్టిన పరీక్ష మాత్రం నిలిచింది. రంగురంగుల ఊలు కండెలు ముందు పోసి, ఒక కండె చేతికిచ్చి, “దీనికి దగ్గరగా ఉన్నవి ఏరు” అనేవాడు. రంగు పేరు అడిగేవాడు కాదు. పేరు కంఠతా పట్టి చెప్పొచ్చు, పోల్చడం అలా కుదరదు.

నేను చెయ్యాల్సిందీ అదేనని వెలిగింది. ఏ పచ్చ అని అడగడం మానేసి, ఏరమనాలి.

పరీక్ష

అట్టముక్కలన్నిటికీ నూనె మెరుపుకి దగ్గరగా ఉండే వార్నీషు పూశాను. తరవాత వెలుతురు. చిత్రకారుల పుస్తకాల్లో రంగులు చూడటానికి ఉత్తరపు కిటికీ మంచిదని రాస్తారు. ఎండ నేరుగా పడదు, వెలుతురు నిలకడగా ఉంటుంది. అది చదివి మొదటిరోజు ఉత్తరపు కిటికీ దగ్గర బల్ల వేశాను. అట్టముక్కల మీద భగ్గుమని ఎండ! ఆ పుస్తకాలు రాసినవాళ్ళు భూమధ్యరేఖకి అవతల ఉన్నారు. సిడ్నీలో సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు. ఇక్కడ కావలసింది దక్షిణపు కిటికీ. కాలమానం సరిచూసుకోకుండా కోడు కాపీ కొట్టినట్టయింది. రెండోరోజు బల్ల దక్షిణానికి మారింది.

బల్ల మీద బూడిద రంగు అట్ట పరిచాను. పక్కన ఎర్రది ఉంటే పచ్చ ఇంకా పచ్చగా కనపడుతుంది, అందుకని. ఉదయం పదింటికి, ఎడమకన్ను మూసి, పన్నెండు ముక్కలూ కలిపేసి, “దగ్గరగా ఉన్నది ఏరు” అన్నాను. మూడు వేరు వేరు రోజులు అలా చేశాం. అంతకు ముందు ఏం ఏరాడో చెప్పలేదు.

రెండు రోజులు ఏడో నంబరు ఏరాడు. ఒకరోజు దాని పక్కనున్న ఎనిమిది. కుడికన్ను మూసి ఎడమకంటితో ఏరమంటే ఒక గడి నీలం వైపు జరిగాడు. ఊహించినట్టే. పసుపు అద్దంలోంచి చూసేవాడికి పాత రంగు కనపడాలంటే ఇంకాస్త నీలం కావాలి. 1972 నాటి ఆయన కంటికి దగ్గరది ఆపరేషన్ అయిన కుడికన్నే కాబట్టి దాని మాటే తీసుకున్నాను.

మామూలుగా రంగుల మధ్య తేడాని డెల్టా-ఇ అనే కొలతలో చెబుతారు. అది 1 దగ్గరుంటే జాగ్రత్తగా చూసినా తేడా పట్టడం కష్టం. చిన్న కలర్ మీటరుతో కొలిస్తే నా పక్కపక్క ముక్కల మధ్య తేడా 4, 5 దాకా ఉంది. యాభై ఏళ్ళ జ్ఞాపకం మూడుసార్లు అడిగినా అంతకంటే పక్కకి జరగలేదు. పంచెని బట్టి సరిచేసిన ఫోటో అంకెలు కూడా ఆ ఏడో నంబరు ఉన్న నిలువు వరసలోనే పడ్డాయి, కాకపోతే ఇంకా ముదురుగా, మసి పట్టినట్టు. ఒక్క మనిషి, మూడు పరీక్షలు. దీన్ని శాస్త్రం అనను. కానీ రెండు వేర్వేరు దారుల్లో వెళ్ళి ఒకే వీధికి చేరాం.

నా మొదటి అంకెలు? ఆ వీధికి రెండు వీధులవతల.

ఎనభై ఏడో వంతు

ఏడో నంబరు రంగునే బొమ్మకి కొడితే సరిపోతుందా? బొమ్మ 1:87 కొలతలో ఉంది. దాదాపు 24 మీటర్ల ఇంజను 27 సెంటీమీటర్లయింది. నాన్న చూసింది నెల్లూరు ఎండలో, సుమారు లక్ష లక్సుల వెలుతురులో. మా హాల్లో రాత్రిపూట ఉండేది రెండు మూడొందలు. వెలుతురు తగ్గితే రంగులు చప్పబడతాయి. దీన్ని హంట్ ఎఫెక్టు అంటారు. ముదురు పచ్చ ఇంట్లో నలుపులా కనపడుతుంది. అందుకే బొమ్మలు చేసేవాళ్ళు రంగుని కాస్త లేత చేస్తారు. ఎంత చెయ్యాలన్నదానికి సూత్రం లేదు. బొమ్మ ఉండబోయే చోట, ఆ దీపం కింద పెట్టి చూసుకోవాల్సిందే. నేను ముదురుతనంలో అరగడి తగ్గించాను, రంగు ఛాయ మార్చలేదు.

ఇంకో రెండు చిన్న సంగతులు. యాభై మైక్రాన్ల రంగు పొర అసలు ఇంజను మీద లెక్కలోకి రాదు. బొమ్మ మీద అదే పొర, 87తో హెచ్చవేస్తే, నాలుగు మిల్లీమీటర్ల పైన మందమున్న పూత లాంటిది. రివెట్లన్నీ మునిగిపోతాయి. ఎయిర్‌బ్రష్‌తో పల్చగా, రెండు మూడు పూతలు కొట్టాలి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. మెరుపు కూడా తగ్గించాలి. నిజం ఇంజనంత మెరుపు బొమ్మకి ఇస్తే ప్లాస్టిక్ ఆటబొమ్మలా ఉంటుంది. అందుకని పూర్తి మెరుపుకీ పొడిదనానికీ మధ్యస్థంగా ఉండే వార్నీషు వాడాను.

నా బొమ్మ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, బజార్లో దొరికేది అదే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లకి లెక్క ప్రకారం 19.3 ఉండాలి. నాన్న ఆ తప్పుని ఇప్పటికీ గమనించలేదు. రంగు తప్పు మాత్రం అరనిమిషంలో పట్టాడు. పట్టాల వెడల్పు ఆయన ఎప్పుడూ చేత్తో తడమలేదు కదా.

లేబులు

మళ్ళీ రంగు వేసిన బొమ్మని ఈసారి దక్షిణపు కిటికీ దగ్గర చేతికిచ్చాను. చాలాసేపు ఏమీ అనలేదు. బొటనవేలితో టెండరు పక్క భాగాన్ని ఒకే వైపుకి, పొడుగ్గా నిమిరాడు. “తుడిచి పెట్టినట్టుండాది” అన్నాడు.

బొమ్మ అడుగున ఒక లేబులు అంటించాను. అందులో ఇలా ఉంది: “డబ్ల్యూపీ. బిట్రగుంట షెడ్డు, 1970లు. తుడిచిన బండి. ఆధారం: అక్కడ పనిచేసిన ఒక క్లీనరు జ్ఞాపకం, కుడికన్ను, వెలిసిన ఫోటో ఒకటి, తెలుపు సరిచేసినది. చూసిన వెలుతురు: పగటి నీడ. దీపం కోసం అరగడి లేత చేసినది. 2024.” ఇది ఆ షెడ్డులో అన్ని బండ్ల రంగూ అని నేననడం లేదు. నలుపే ఎక్కువ ఉండేవని ఆయనతో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెబితే, ఆ మాటా రాసి పెట్టుకుంటాను. రేపు ఎవరికైనా ఇంతకంటే మంచి ఆధారం దొరికితే నా లెక్క ఎక్కడ తప్పిందో చూసుకోవడానికి వీలుండాలి. ఆధారం రాయని ‘అచ్చమైన రంగు’ కంటే ఆధారం రాసిన ఉజ్జాయింపు రంగు నయం.

మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్లు 1995 డిసెంబరులో ఆగిపోయాయి. వాటిని చేత్తో తుడిచినవాళ్ళకి వయసు మీద పడుతోంది. ఫోటోలు వెలుస్తున్నాయి, కళ్ళకి శుక్లాలు పడుతున్నాయి. మీ ఇంట్లోనో, మీ ఊళ్ళోనో అలాంటివాళ్ళుంటే ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక రంగుల కార్డు వెంట తీసుకెళ్ళండి. పెయింటు దుకాణంలో ఊరికే ఇచ్చేదయినా చాలు. రంగు పేరు అడక్కండి. నీడపట్టున కూర్చోబెట్టి, “దగ్గరగా ఉన్నది ఏరండి” అనండి. ఏరింది, ఏరిన రోజు, ఏ బండి, ఏ ఏడు అన్నీ రాసి పెట్టండి. ఇది రైలు బండ్లకే కాదు, కూలిపోయిన మీ తాతగారింటి తలుపులకైనా పనికొస్తుంది.

నాన్న వెళ్ళేటప్పుడు ఏడో నంబరు అట్టముక్కని పాకెట్ డైరీలో పెట్టుకెళ్ళాడు. ఎడమకంటికి కూడా ఆపరేషన్ అయ్యాక, ఆ కంటితో చూసి ఫోన్ చేస్తానన్నాడు. లేబులు మీద ఆ ఒక్క లైనుకి చోటు వదిలి పెట్టాను.